అక్షరాలు చెక్కిన చేతులు
(కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతుల కార్యక్రమ పత్రంలో పింఛను, వేతన సవరణ, కాంట్రాక్టు పద్ధతి అనే అంశాల నడుమ "అచ్చక్షరాల చరిత్ర" అని ఉండుట చూచి మీలో కొందరు నవ్వుకొనినట్లు మాకు తెలిసినది. నవ్వినందుకు మాకు కోపము లేదు. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. అక్షరంతో మనకున్నంత పని మరి ఏ ఉద్యోగికి ఉన్నది? పోస్టుమ్యాన్ దినమంతా చదివేది చిరునామాలనే. ఆర్.ఎం.ఎస్. సార్టరు కదిలే బండిలో, మసక దీపం కింద, ఊరిపేరు చూచిన క్షణంలోనే కవరును ఏ గూటిలో వేయవలెనో నిర్ణయించినవాడు. ఇక రైల్వేలో పసుపు పలకపై మూడు భాషలలో నల్లని అక్షరాలతో రాసిన స్టేషన్ పేరు లేనిదే ప్రయాణికునికి తాను ఏ ఊరిలో దిగినాడో తెలియదు. ఇంతగా అక్షరం మీద బ్రతికే మనము, ఆ అక్షరానికి రూపమిచ్చిన పనివాడెవరని ఎన్నడైనా అడిగినామా? మేము కూడ చాలాకాలం అడుగలేదు. ఆ సంగతి చివర చెప్పెదము.

మొదట పని ఎట్టిదో తెలియవలెను. అచ్చక్షరం పుట్టుక ఉక్కుతో మొదలగును. వేలెడంత ఉక్కు కడ్డీ కొనపై అక్షరాన్ని తిరగవేసి, ఉబ్బెత్తుగా చెక్కుతారు. దీనిని పంచ్ అంటారు. దానిని గట్టిపరచి రాగి దిమ్మపై కొడితే అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంటను పోత మూసకు అమర్చి సీసము, తగరము, ఆంటిమొని కలిపిన లోహం పోసినచో, ఒకటే అక్షరం వేల సంఖ్యలో తయారగును. అచ్చయిన అక్షరం ఎత్తు ధాన్యపు గింజంత కూడ ఉండదు. ఆ చోటులో ఒంపు ఎక్కడ తిరగవలెను, గీత ఎక్కడ సన్నబడవలెను అన్నది ఆకురాయి పట్టిన చేతికి తెలియవలసినదే. అనగా తొలి మూడు, నాలుగు వందల సంవత్సరాల వరకు అక్షర రూపకర్త అంటే కమ్మరి, కంసాలి వంటి లోహపు పనివాడే.

జర్మనీలోని మైంజ్ నగరంలో ఈ పద్ధతిని నిలబెట్టిన గూటెన్‌బర్గ్ కంసాలి పని తెలిసినవాడు. పెట్టుబడి పెట్టిన ఫుస్ట్ అనే ధనికుడు, సరిగ్గా బైబిలు ముద్రణ ముగిసే తరుణాన, 1455లో అతనిపై అప్పు దావా వేసి గెలిచినాడు. 1457లో అదే నగరంలో వెలువడిన కీర్తనల గ్రంథంలో ముద్రాపకుల పేర్లు మొట్టమొదటిసారిగా అచ్చయినవి. అవి ఫుస్ట్ పేరు, అతని పక్షాన చేరిన షోఫర్ పేరు. గూటెన్‌బర్గ్ పేరు ముద్రాపకునిగా ఏ పుస్తకంపైనా లేదు. లోకం అతనిని తరువాత గుర్తించినది గాని, గుర్తింపు దక్కని పనివారు ఆ తరువాత కోకొల్లలు.

వారిలో బొలోనియా వాడైన ఫ్రాన్సెస్కో గ్రిఫో కథ మనవంటి వారు తప్పక వినదగినది. ఇతడు వెనీసులో ఆల్డస్ మనూటియస్ అనే ప్రఖ్యాత ప్రచురణకర్త వద్ద అక్షరాలు చెక్కినాడు. 1496లో పియెత్రో బెంబో అనే యువ పండితుడు ఎట్నా పర్వతారోహణం గురించి రాసిన చిన్న పుస్తకాన్ని ఆల్డస్ అచ్చువేసినాడు. దానికి గ్రిఫో చెక్కిన టైపు తరువాతి కాలపు యూరపు అక్షరాలకు మూలకందమైనది. అయిదేండ్లకు, 1501లో, చేతివ్రాతను పోలిన వాలు అక్షరాన్ని గ్రిఫోయే చెక్కగా, దానితో ఆల్డస్ జేబులో పట్టే వర్జిలు కావ్యాలు వేసినాడు. ఆల్డస్‌ను పూర్తిగా నిందించుట న్యాయము కాదు. ఆ పుస్తకంలో అతడు గ్రిఫోను మూడు పంక్తుల పద్యంలో మెచ్చుకొన్నాడు. కాని మెచ్చుకోలు వేరు, హక్కు వేరు. ఆ అక్షరంపై హక్కును వెనీసు ప్రభుత్వం నుండి ఆల్డస్ తన పేరిటనే పొందినాడు. తాను చెక్కిన అక్షరాన్నే మరొకరికి చెక్కి అమ్ముకొనే వీలు ఆ రాజ్యంలో గ్రిఫోకు లేకపోయినది. ఈ నిబంధన మన నియామక ఉత్తర్వులలోని కొన్ని షరతులను గుర్తుకు తెచ్చుట లేదా?

గ్రిఫో వెనీసును విడిచి ఫానో పట్టణంలో సొంచినో అనే ముద్రాపకుని చేరినాడు. 1503లో సొంచినో తన పుస్తకపు అంకితంలో, ఈ అక్షరాలన్నింటినీ నిజముగా కల్పించినవాడు గ్రిఫోయేయని, కీర్తిని ఇతరులు అపహరించినారని బాహాటముగా అచ్చువేసినాడు. అంత పాతకాలంలో పనివాని తరపున అట్టి మాట అచ్చులో పడుట విశేషము. గ్రిఫో జీవితపు చివరి భాగం విషాదకరము. 1516లో ఒక కలహంలో అల్లుని చంపినాడన్న నేరారోపణకు గురియైనాడు. ఆపై అతని జాడ లేదు.

దీనికి ఒక ముక్తాయింపు ఉన్నది. 1929లో ఇంగ్లండులోని మోనోటైప్ కంపెనీ ఆ 1496 నాటి అక్షరాన్ని పునరుద్ధరించి కొత్త టైపుగా విడుదల చేసినది. దానికి పెట్టిన పేరు "బెంబో". పుస్తకం రాసిన పండితుని పేరు. వాలు అక్షరానికేమో ఇటలీ దేశం పేరిట "ఇటాలిక్" అన్న పేరు స్థిరపడినది. దేశానికి పేరు వచ్చినది, గ్రంథకర్తకు పేరు వచ్చినది.

ఇక మన దేశానికి వత్తాము. 1778లో బెంగాలులోని హుగ్లీలో నథానియల్ హాల్‌హెడ్ రచించిన బెంగాలీ భాషా వ్యాకరణం అచ్చయినది. ఆ గ్రంథానికి బెంగాలీ అక్షరాలు సమకూర్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ విల్కిన్స్. లోహకారుడు, చెక్కేవాడు, పోతపోసేవాడు, ముద్రించేవాడు అన్నీ విల్కిన్సేయని హాల్‌హెడ్ తన పీఠికలో శ్లాఘించినాడు. ఒక్క మనిషి నాలుగు ఉద్యోగాలు చేసినాడన్న మాట వినగానే, మిగిలిన మూడు పనులు చేసినవారెవరు అని అడుగుట యూనియన్ వారికి అలవాటు. విల్కిన్స్‌తోపాటు పనిచేసి, ఆ విద్యను తన చేతిలోనికి తెచ్చుకొన్నవాడు పంచానన కర్మకార్. కర్మకార్ అనగా మన భాషలో కమ్మరి. పీఠికలో అతని పేరు లేదు.

అతని పేరు నిలిచినది తరువాత శ్రీరామపురంలో. కలకత్తాకు ఎగువన, హుగ్లీ నదీతీరాన ఉన్న ఆ పట్టణం అప్పుడు డేనిష్ వారి ఏలుబడిలో ఉండెడిది. కంపెనీ తన సరిహద్దులలో మిషనరీలను ఉండనీయనందున విలియం కేరీ బృందం అక్కడ ముద్రణాలయం స్థాపించినది. పంచాననుడు అక్కడ చేరి, అక్షరాల పోతశాలను నిలబెట్టి, 1804 ప్రాంతంలో మరణించినాడు. అతని అల్లుడు మనోహరుడు సుమారు నలుబది సంవత్సరాలు ఆ పని సాగించినాడు. ఆ పోతశాల నుండి దాదాపు 40 భాషల పుస్తకాలకు టైపు వెడలినది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లోను, తెలుగు కొత్త నిబంధన 1818లోను అచ్చయినది అక్కడనే. వ్యాకరణం ముఖపత్రంపై కేరీ పేరు, మిషను ప్రెస్సు పేరు ఉన్నవి.

1812 మార్చి 11 సాయంకాలం ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతియైనది. కాగితం కాలినది, వ్రాతప్రతులు కాలినవి, సీసపు అక్షరాలు కరిగి ముద్దలైనవి. బూడిదలో వెదుకగా ఉక్కు పంచ్‌లు చెక్కుచెదరక దొరికినవి. పనివారు వంతులవారీగా రాత్రింబవళ్ళు శ్రమించి, కరిగిన ఆ లోహాన్నే మరల అక్షరాలుగా పోసినందున, కొన్ని వారాలలోనే ముద్రణ తిరిగి మొదలైనది. అంతటి అగ్నిని తట్టుకొని నిలిచినది పంచాననుని వంటివారు ఉక్కులో చెక్కిన పని. పుస్తకాలు ఈ ఘట్టాన్ని కేరీ ధైర్యానికి నిదర్శనంగా చెప్పును. మాకు మాత్రం ఆ వంతుల డ్యూటీ చేసినవారే కనిపించుచున్నారు.

తరువాత యంత్రం వచ్చినది. 1885లో అమెరికాలో బెంటన్ అనే అతడు పంచ్‌లు చెక్కే యంత్రానికి పేటెంటు పొందినాడు. పెద్దగా గీసిన అక్షరపు నమూనా అంచు వెంట ఒక సూదిని నడిపితే, రెండవ కొనన ఉన్న పరికరం అదే ఆకృతిని ఉక్కులో చిన్నగా చెక్కును. దీనితో గీసేవాడు వేరు, చెక్కేవాడు వేరు అయినారు. "టైపు డిజైనరు" అన్న పదవి ఇక్కడ పుట్టినది. ఆ డిజైనరు ఇచ్చిన కొద్దిపాటి చిత్రాలకు, అచ్చుయంత్రంలో పనికివచ్చే సంపూర్ణమైన టైపుకు నడుమ చేయవలసిన పని కొండంత.

ఆ పని జరిగిన చోటు కంపెనీల డ్రాయింగు ఆఫీసు. ఇంగ్లండులో సర్రే జిల్లా శాల్‌ఫర్డ్స్‌లోని మోనోటైప్ కార్ఖానాలో ప్రతి అక్షరాన్ని సుమారు పది అంగుళాల పరిమాణంలో గీసి, ఒంపులను సరిదిద్ది, పక్క అక్షరంతో ఎడం సరిచూచి యంత్రానికి పంపెడివారు. ఆ బల్లల ముందు కూర్చున్నవారిలో అధికులు యువతులు. బయట ప్రపంచానికి కళాకారుని పేరు తెలియును, కంపెనీ పేరు తెలియును. వీరు జీతాల రిజిస్టరులో మాత్రమే ఉండిరి. లండన్ టైమ్స్ పత్రిక 1932 అక్టోబరు 3వ తేదీన ధరించిన కొత్త అక్షరం, నేడు మన కార్యాలయపు ప్రతి కంప్యూటరులోను ఉన్న టైమ్స్ న్యూ రోమన్, స్టాన్లీ మోరిసన్ సృష్టిగా ప్రసిద్ధము. మోరిసన్ దానిని గీయలేదు. అతని సూచనలపై గీసినవాడు ఆ పత్రిక ప్రకటనల విభాగంలోని చిత్రకారుడు విక్టర్ లార్డెంట్.

బియాట్రిస్ వార్డ్ అనే అమెరికా వనిత సంగతి కూడ ఇక్కడ చెప్పక తప్పదు. గారమాన్ చెక్కినవని అందరూ నమ్మిన కొన్ని అక్షరాలు, నిజమునకు తరువాతి శతాబ్దపు జానన్ అనే వేరొకని పని అని ఆమె పరిశోధించి 1926లో ప్రకటించినది. పాల్ బోజాన్ అనే పురుషుని కలం పేరుతో! ఆ వ్యాసం చూచి మోనోటైప్ వారు తమ పత్రికకు సంపాదకత్వం వహించుమని బోజాన్ గారికి కబురు పంపినారు. వచ్చినది స్త్రీయని చూచి నివ్వెరపోయినారు. ఉద్యోగము మాత్రం ఇచ్చినారు.

మన శాఖకు సంబంధించిన ముచ్చట ఇప్పుడు చెప్పెదము. రైళ్ళు అక్షరాలను మార్చివేసినవి. పుస్తకం చదివేవాడు కూర్చుని చదువును. రైలులో ఉన్నవాడు కదులుచు, తొందరలో, దూరం నుండి చదువును. 1905లోనే ప్రష్యా రాజ్య రైల్వే శాఖ తన బండ్లపై పేర్లు, అంకెలు రాయుటకు ఒకే తీరు నమూనాను నిర్ణయించినది. తరువాత జర్మనీ జాతీయ ప్రమాణమైన డిన్ అక్షరాలకు అది పునాది. అది కళాకారుడు గీసినది కాదు, శాఖ నమూనా.

లండన్ భూగర్భ రైల్వేలో ఇబ్బంది మరొకటి. గోడల నిండా వ్యాపార ప్రకటనలుండుటచే ప్రయాణికునికి స్టేషన్ పేరు కనపడెడిది కాదు. ఫ్రాంక్ పిక్ అనే అధికారి 1913లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే లేఖన కళా బోధకుని పిలిచి, ప్రకటనల అక్షరాలతో ఎన్నడూ పొరబడని అక్షరం కావలెనన్నాడు. 1916లో జాన్‌స్టన్ ఇచ్చిన అక్షరంలో తోకలు, అలంకారాలు లేవు. పెద్ద ఓ అక్షరం సంపూర్ణ వృత్తము. చిన్న ఐ అక్షరంపై చుక్క వజ్రాకారము. చిన్న ఎల్ అక్షరానికి అడుగున ఒక వంపు పెట్టినాడు, అది పెద్ద ఐ అని గాని ఒకటి అంకె అని గాని భ్రమ కలుగకుండుటకు. మనియార్డరు ఫారంపై ఒకటిని, ఎల్‌ను తికమకపడి ఆడిట్ అభ్యంతరం తెచ్చుకొన్న మన తపాలా మిత్రులకు ఆ చిన్న వంపు విలువ వేరుగా చెప్పనవసరం లేదు. 1979లో ఐయిచి కోనో అనే జపాను దేశస్థుడు దానిని కొత్త అవసరాలకు దిద్దినాడు. 2016లో నూరేండ్ల సందర్భంగా మరొకసారి దిద్దినారు. నేటికీ లండనులో అదే అక్షరం.

జాన్‌స్టన్ వద్ద మొదట కొంత సహాయపడిన ఎరిక్ గిల్ చేసిన టైపును 1928లో మోనోటైప్ విడుదల చేసినది. ఇంగ్లండు ఈశాన్య మార్గాల ఎల్.ఎన్.ఇ.ఆర్. రైల్వే 1929లో దానిని తీసికొని, పోస్టరు, టైంటేబుల్ మొదలు ఇంజను పేరు పలక వరకు అన్నింటా వాడినది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ బండి ముందు పలకను గిల్ స్వయముగా రాసినాడు. ఇంజనుపై ప్రయాణించే అవకాశం కూడ అతనికి కల్పించినారు. ఈ గిల్ తన కుమార్తెలపైనే లైంగిక అకృత్యాలు జరిపినట్లు అతని డైరీల ఆధారంగా 1989లో వెలువడిన జీవిత చరిత్ర బయటపెట్టినది. అప్పటినుండి ఆ అక్షరాన్ని వాడవచ్చునా అన్న వాదం సాగుచున్నది. మా అభిప్రాయం చెప్పెదము. ఆ దుష్కృత్యాన్ని కప్పిపుచ్చరాదు. అదే సమయాన, ఆ టైపు కుటుంబంలోని అనేక రూపాలను సంపూర్ణముగా తీర్చినది డ్రాయింగు ఆఫీసు బల్లల ముందు కూర్చున్నవారు. అక్షరమంతటినీ గిల్ ఖాతాలో వేసి, అతనితో కలిపి దానిని ఊరేగించుట గాని ఉరితీయుట గాని వారికి అన్యాయము.

1965లో బ్రిటిష్ రైల్వే తన రూపమంతటినీ మార్చుకొన్నప్పుడు రైల్ ఆల్ఫబెట్ అనే అక్షరాన్ని జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి రూపొందించినారు. ఆ దేశపు రోడ్డు గుర్తుల అక్షరం కూడ వారిదే. ఊరిపేరు అంతయు పెద్ద అక్షరాలలో గాక, మొదటిది పెద్దది, తక్కినవి చిన్నవిగా రాయవలెనని వారు పట్టుబట్టినారు. దూరాన ఉన్నవాడు అక్షరాలు కూడబలుక్కొనడు, పదపు ఆకారాన్నే గుర్తుపట్టునని వారి వాదము. కాల్వర్ట్ మొదట కినీర్ శిష్యురాలు, పిదప సహాయకురాలు. అతడు ఆమెను భాగస్వామిగా చేసికొని తన సంస్థ పేరులో ఆమె పేరు చేర్చినాడు. ఆల్డస్ చేయని పని ఇది. పాఠశాల దగ్గర రోడ్డు దాటే పిల్లల గుర్తులో ఇంతకుముందు బాలుడు ముందు నడిచెడివాడు. ఆమె దానిని మార్చి బాలికను ముందు నిలిపి, తమ్ముని చేయి పట్టించినది. దశాబ్దాల తరువాత రైల్వే అక్షరానికి కొత్త రూపం కావలసినప్పుడు హెన్రిక్ కూబెల్‌తో కలిసి ఆమెయే మరల గీసినది.

మన కార్యాలయాలలో హిందీ టైపు పరీక్ష రాసిన ప్రతివారికి "మంగల్" అన్న పేరు తెలియును. తెలుగు టైపు చేసినవారికి "గౌతమి" తెలియును. ఆ రెండింటి వెనుక ఉన్నవారు మరాఠీ కవి, లేఖన కళాచార్యులు ఆర్.కె. జోషి. బొంబాయిలో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పరిశోధనా సంస్థలో తన సహచరులతో కలిసి విండోస్ కోసం వీటిని తీర్చి, 2008లో కన్నుమూసినారు. పరీక్ష ఫీజు కట్టిన వేలాదిమందిలో ఎందరు ఆయన పేరు విన్నారు? ఇటీవలి తెలుగు ఫాంట్లకు ధూర్జటి, గిడుగు, గురజాడ, సురవరం అని పేర్లు పెట్టినారు. సంతోషమే. ఆ మహనీయులందరి పేర్లకు అక్షరాలు గీసిన చేయి పురుషోత్ కుమార్ గుత్తులది. బెంబో కథ మన ఇంటికి కూడ వచ్చినదన్నమాట. అయితే ఒక తేడా ఉన్నది. ఇప్పుడు గూగుల్ వారి ఫాంట్ల పట్టికలో గీసినవారి పేరు ఉన్నది, చూడదలచినవారు చూడవచ్చును.

పేర్లు వాటంతట అవి పట్టికకు ఎక్కవు. లినోటైప్ కంపెనీలో బెంగాలీ వంటి లిపుల విభాగాన్ని నడిపి, ఆనందబజార్ పత్రికకు టిమ్ హాలోవేతో కలిసి కొత్త అక్షరం సమకూర్చిన ఫియోనా రాస్, తరువాత పంచాననుని కాలం నుండి బెంగాలీ అచ్చు చరిత్రను రాసినది. ఆమె నాయకత్వానే 2018లో ఇంగ్లండు రీడింగ్ విశ్వవిద్యాలయంలో డ్రాయింగు ఆఫీసుల స్త్రీల పేర్లు, పనులు వెలికితీసే పరిశోధన మొదలైనది. పాత ఫోటోలు, మెమోలు, రిజిస్టర్లు వెదకి, జీవించియున్నవారిని ప్రశ్నించి ఆ పని చేసినారు. అది సాధ్యమైనది కొందరైనా బ్రతికి ఉండుటచేతను, కాగితాలు పారవేయకుండుటచేతను.

ఇక మా తప్పు చెప్పెదము. 1990వ దశకం తొలి సంవత్సరాలలో ఒక చిన్న పట్టణంలో సమ్మె నోటీసు కరపత్రం రాత్రికి రాత్రి అచ్చువేయవలసి వచ్చినది. ట్రెడిల్ ప్రెస్సు, చేతి కంపోజింగు. అర్ధరాత్రి దాటినాక కంపోజిటరు స్టిక్ దించి, "మ వత్తు అయిపోయినదండీ, మీరు ప్రతి వాక్యంలోను సమ్మె అంటిరి" అన్నాడు. వాక్యాలు మార్చమని అతడనలేదు. అచ్చు ముగిసిన ఒక పెండ్లి శుభలేఖ ఫారాన్ని విప్పి, వియ్యపురాండ్ర పేర్లలోని అమ్మలన్నింటి నుండి మ వత్తులు ఏరి, మా కరపత్రంలో కూర్చినాడు. తెల్లవారు జామున అయిదు గంటలకు కాగితాలు చేతికి వచ్చినవి. సమ్మె నోటీసు అందరి చేతులకు చేరినది.

ఆ కరపత్రం నేటికీ మా ఫైలులో ఉన్నది. అడుగున, 1867 నాటి చట్టం కోరిన విధముగా, ప్రెస్సు యజమాని పేరు, ప్రచురించిన మా పేరు ఉన్నవి. ఆ కంపోజిటరు పేరు లేదు. మేము అడుగలేదు కూడ. రెండు కప్పుల టీ కలిసి త్రాగితిమి, "కంపోజిటరు గారూ" అని పిలిచితిమి, వచ్చితిమి. గత సంవత్సరం వెదుకుచు వెళ్ళగా ప్రెస్సు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది. చెప్పగలవారు దొరకలేదు.

రైల్వే బోర్డు మిగిలియున్న రైల్వే ముద్రణాలయాలను, సికింద్రాబాదుతో సహా, మూసివేయుటకు 2023లో నిర్ణయించినది. మన అట్ట టికెట్లు, ఫారాలు, టైంటేబుళ్ళు కూర్చిన కంపోజిటర్లు, బైండర్లు, యంత్రపు పనివారు అప్పటికే చాలామంది రిటైరైనారు. స్టేషన్ పలకలు కుంచెతో రాసిన పెయింటర్ల పని చాలచోట్ల వినైల్ స్టిక్కర్లకు పోయినది. ఆ ఉద్యోగాల సంగతి వేరే తీర్మానంలో ఉన్నది, దానిపై పోరాటం పోరాటమే. ఇక్కడ మేము కోరేది చిన్న పని. ప్రతి శాఖ తన పరిధిలో రిటైరైన ప్రెస్సు కార్మికులను, పెయింటర్లను, ఆర్.ఎం.ఎస్.లో లేబుళ్ళు రాసినవారిని కలిసి, పేరు, టోకెను నంబరు, చేరిన సంవత్సరం, ఏ పలక రాసినారు, ఏ ఫారం కూర్చినారు అన్నది వారి మాటలలోనే రాసికొనవలెను. పాత నమూనా కాగితాలున్నచో పారవేయనీయవద్దు. వచ్చే కౌన్సిలు సమావేశం నాటికి పట్టికలు కేంద్ర కార్యాలయానికి చేరవలెను. చేరినవి చేరినట్లు ఈ బులెటిన్‌లో అచ్చువేసెదము. మా వద్ద ఇప్పటికి పదకొండు పేర్లు ఉన్నవి.